దీపావళికి ఇంకా తొమ్మిది రోజులే: ఈసారి మా చిట్టి గేటు దాటకుండా ఏం చేయాలి?

చిట్టి వాళ్ళమ్మ, విశాఖ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. పెంపుడు జంతువుల ఈ ఫోరంలో ఏడాదిగా మీ పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది సీతమ్మధార. మా చిట్టి మూడేళ్ల నాటు కుక్క. గోధుమ రంగు, ఎడమ చెవి సగానికి వాలి ఉంటుంది.

నిరుడు దీపావళి రాత్రి ఎనిమిదిన్నరకి మా ఆడపడుచు వాళ్ళు స్వీట్ల డబ్బాలు పట్టుకుని వచ్చారు. గేటు ఒక్క నిమిషం తెరిచి ఉంది, అంతే. సరిగ్గా అప్పుడే ఎదురింటివాళ్ళు థౌజండ్‌వాలా అంటించారు. చిట్టి మా అందరి కాళ్ళ సందుల్లోంచి దూరిపోయింది. నేను మెడపట్టీ అందుకున్నాను, పట్టీ నా చేతిలో ఉండిపోయింది, కుక్క లేదు.

మూడో రోజు పొద్దున ఎంవీపీ కాలనీ రైతుబజార్ వెనక, ఖాళీ ట్రేల చాటున దొరికింది. నాలుగు పాదాల కింద మెత్తటి చర్మం ఊడిపోయి రక్తం గడ్డకట్టి ఉంది. నేను పిలిస్తే నా వైపు చూసి ఇంకా లోపలికి జరిగింది. నన్నే గుర్తుపట్టలేదు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

నిన్న సాయంత్రం మా వీధిలో పిల్లలు ఒక్క సిసింద్రీ వదిలారు. చిట్టి అన్నం గిన్నె దగ్గర్నుంచి లేచి మంచం కిందకి వెళ్ళిపోయింది, రాత్రంతా రాలేదు. నాకు ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

మూడు సందేహాలు. ఆ రాత్రి కట్టేసి ఉంచమని మావారు అంటున్నారు, కట్టేయాలా? మా అత్తగారు వేసుకునే నిద్రమాత్రలో సగం ఇవ్వమని ఒకరు చెప్పారు, ఇవ్వొచ్చా? లేక రెండు రోజులు మా పుట్టింటికి, చోడవరం దగ్గర పల్లెటూరికి, తీసుకుపోవడం మంచిదా?

పిల్లులిల్లు, కూకట్‌పల్లి (శనివారం, రాత్రి 10:05)

అక్కా, నిద్రమాత్ర మాత్రం వద్దు. మిగతావి డాక్టర్ గారు చెప్తారు, ఆవిడ రాత్రిళ్ళు వస్తుంటారు ఇక్కడికి. నీ పోస్టు చదివి మా రెండు పిల్లుల్నీ దగ్గరికి తీసుకుని కూర్చున్నాను.

బెజవాడ పశువైద్యురాలు (శనివారం, రాత్రి 11:20)

చిట్టి వాళ్ళమ్మ గారూ, నేను గన్నవరం కాలేజీలో చదివి, విజయవాడలో పద్నాలుగేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. దీపావళి మర్నాడు నా దగ్గరికి వచ్చే కుక్కల్లో కాలినవాటికంటే పారిపోయి దెబ్బలు తగిలినవే ఎక్కువ. కాబట్టి మీ భయం సరైన చోటే ఉంది.

కట్టేయకండి. భయపడిన కుక్కకి గొలుసు ఎంత పొడవుందో గుర్తుండదు. ఎగిరి దూకుతుంది, మెడకి బిగుసుకుంటుంది. కిటికీ ఊచకి కట్టిన కుక్క ఊచకే వేలాడి చనిపోవడం నేను చూశాను. గది తలుపు వేసి ఉంచండి, గొలుసు వద్దు.

మనుషుల నిద్రమాత్ర వద్దు. ఏ మందు, ఎంత బరువుకి ఎంత అన్న లెక్క వేరు. కొన్నింటికి కుక్క మత్తుగా పడుకోవడానికి బదులు ఇంకా రెచ్చిపోతుంది. అలాగే మన క్రోసిన్, డోలో లాంటివి కూడా ఎవరూ ఇవ్వకండి. పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం, కుక్కకి ఐబుప్రోఫెన్ కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది.

శబ్దానికి భయపడే కుక్కలకి మందులే లేవని కాదు. గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటివి డాక్టర్ చూసి, బరువు తూచి, గుండె జబ్బు, కిడ్నీ, మూర్ఛ ఉన్నాయేమో అడిగి రాస్తారు. మూడు సంగతులు గుర్తుంచుకోండి. పండగ రోజే మొదటిసారి వేయకూడదు. రెండు మూడు రోజుల ముందు మామూలు సాయంత్రం ఒకసారి వేసి ఎలా ఉందో చూడాలి. బాంబులు మొదలవడానికి గంటన్నర, రెండు గంటల ముందే కడుపులో పడాలి. వణుకు మొదలయ్యాక వేస్తే ఫలితం తక్కువ. ఇక ఏస్‌ప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే రాస్తే మళ్ళీ ఒకసారి అడగండి. దానితో ఒళ్ళు కదలదు, చూసేవాళ్ళకి హాయిగా పడుకున్నట్టు కనిపిస్తుంది, లోపల భయం మాత్రం అలాగే ఉంటుంది. కదల్లేని భయం అన్నమాట. నాకు అది క్రూరంగా అనిపిస్తుంది.

పల్లెటూరు సంగతి. చిట్టికి ఆ ఇల్లు బాగా అలవాటైతే, అక్కడ నిజంగా చప్పుడు తక్కువైతే, రెండు రోజుల ముందే తీసుకెళ్ళండి. ఎప్పుడూ వెళ్ళని చోటైతే వద్దు. అక్కడ తప్పిపోతే ఇంటికి దారి కూడా తెలియదు.

ఇంట్లోనే ఉంచుకుంటే రేపటినుంచే ఒక గది అలవాటు చేయండి. వీధి వైపు కిటికీ లేనిది, ఇంటికి మధ్యలో ఉన్నది. మీరు కట్టి విడిచిన పాత చీర ఒకటి ఉతక్కుండా పక్కలో వేయండి. రోజూ అన్నం అక్కడే పెట్టండి. పండగ నాటికి అది శిక్ష గది కాకుండా తన గది అయిపోవాలి. ఆ రాత్రి లైటు వేసే ఉంచండి, బయటి మెరుపులు తెలియవు. ఫ్యాను, కూలరు, టీవీ, ఏదో ఒకటి ఆగకుండా మోగుతూ ఉంటే బాంబు చప్పుడు ఒక్కసారిగా గుండెల మీద పడదు.

ఇంకొక్క మాట. దగ్గరికి తీసుకుని బుజ్జగిస్తే భయం ఇంకా ముదురుతుందని చాలామంది చెప్తారు. అది పాత నమ్మకం. మీ ఒడిలోకి వస్తే రానివ్వండి, మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి. లాగకండి.

గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 7:15)

అందరూ నా మీద కోప్పడకండి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ కుక్కనీ గదిలో పెట్టలేదు. అరుగు కిందే పడుకునేవి, వాటంతటవే అలవాటు పడేవి. మా పిల్లలు సంవత్సరమంతా ఎదురుచూసేది ఈ ఒక్క రాత్రి కోసం. గోగు కాడలకి నూనె గుడ్డలు కట్టి ‘దిబ్బు దిబ్బు దీపావళి’ అని దివిటీలు కొట్టించి, కాళ్ళు కడిగించి, నోట్లో మిఠాయి పెట్టి, అప్పుడు మతాబులు ఇస్తాం. అదంతా మానేయమంటే నాకు మనసొప్పదు. మాకూ కుక్క ఉంది, పేరు భీముడు. దానికి ఏ భయమూ లేదు, పెరట్లో మూలకి పోయి కదలకుండా కూర్చుంటుంది.

బెజవాడ పశువైద్యురాలు (ఆదివారం, ఉదయం 8:02)

అన్నా, మీ మీద కోపం ఎందుకు. దివిటీలు, చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు మానేయమని ఇక్కడ ఎవరూ అనలేదు. భీముడి గురించి ఒక్కటి అడుగుతాను. ఈసారి ఆ మూల కూర్చున్నప్పుడు దగ్గరికి వెళ్ళి చూడండి. చెవులు వెనక్కి అతుక్కుని ఉన్నాయా? ఎండ లేకపోయినా నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడా? మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తోక పొట్ట కిందకి పోవడం ఉందా? ఎంతో ఇష్టమైన మాంసం ముక్క పెట్టినా వాసన చూడకుండా తల తిప్పేస్తున్నాడా? అవి ఉంటే అలవాటు పడినట్టు కాదు, బిగుసుకుపోయినట్టు.

సన్నటి కీచు చప్పుళ్ళు మనకి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినపడతాయి. కుక్కకి దాదాపు 45,000, పిల్లికి 60,000 పైమాటే. తారాజువ్వ పైకి లేస్తూ వేసే కూత మనకి సరదా, వాటికి అది సూదిలా దిగుతుంది. పైగా ఆ చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు ఆగుతుందో వాటికి తెలియదు. మనకి తెలుసు కాబట్టే మనకి పండగ.

గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 8:30)

సరే అమ్మా, చూస్తాను. మాంసం ముక్క సంగతి మాత్రం నిజం. నిరుడు పెట్టింది పెట్టినట్టే ఉంది, పొద్దున్న చీమలు పట్టాయి. కడుపు బాగోలేదనుకున్నాం.

పిల్లులిల్లు, కూకట్‌పల్లి (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

పిల్లుల సంగతి నేను రాస్తాను, వాటి గురించి అడిగేవాళ్ళు తక్కువ. పిల్లి అరవదు, వణకదు, మాయమైపోతుంది. అందుకని అది బాగానే ఉందనుకుంటాం.

నా అనుభవంలో పిల్లికి మనం గది ఎంచకూడదు, అదే ఎంచుకుంటుంది. మా నల్లదానికి బీరువా మీద సూట్‌కేసుల వెనక, తెల్లదానికి బట్టల అరలో కింది వరస. ఆ రెండు చోట్లా ముందే తువ్వాలు పరిచి ఉంచుతాను. ఇసుక ట్రే, నీళ్ళు అదే గదిలో పెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా తలుపు వేసేస్తాను. వాషింగ్ మెషీన్ తలుపు మూసి ఉందా అని రెండుసార్లు చూసుకోండి. కింద పార్కింగ్‌లో బండి తీసేవాళ్ళు బానెట్ మీద నాలుగు దెబ్బలు తట్టి స్టార్ట్ చేయండి, వీధి పిల్లులు ఇంజిన్ పక్కన దూరి కూర్చుంటాయి.

దీపాలు. కార్తీకమాసం అంతా గడప దగ్గర, తులసికోట దగ్గర ప్రమిదలు పెడతాం కదా. పోయిన కార్తీకంలో మా నల్లది తోక ఊపుకుంటూ ప్రమిద పక్కనుంచి నడిచింది. వెంట్రుకలు చుర్రుమని కాలిన వాసన వచ్చేదాకా దానికి తెలియనే లేదు. ఇప్పుడు గాజు చిమ్నీలో దీపం పెడుతున్నాను. అమ్మ మొదట్లో ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆవిడే తుడిచి పెడుతోంది.

పూజ గదిలో పూలు కూడా. గన్నేరు పూలూ ఆకులూ కుక్కకీ పిల్లికీ గుండె ఆగిపోయేంత విషం. నిర్మాల్యం తీసి వాకిట్లో పెట్టకుండా మూత ఉన్న బుట్టలో వేయండి. లిల్లీ బొకేలు ఎవరైనా తెస్తే పిల్లులున్న ఇంట్లోకి రానివ్వకండి. పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా కిడ్నీలు పోతాయి. కర్పూరం బిళ్ళలు కూడా కింద పడనివ్వకండి, తింటే ఫిట్స్ వస్తాయి.

ఎడిసన్ నాన్న, న్యూజెర్సీ (సోమవారం, ఉదయం 6:50)

ఇక్కడ మాకు రెండు దీపావళులు. అమెరికా స్వాతంత్ర్య దినం జులై 4 ఒకటి, మనది ఒకటి. మా లాబ్రడార్ పేరు లడ్డు. తిండి గురించి చెప్తాను, ఎందుకంటే మాకు ప్రమాదం వంటింట్లోంచే వచ్చింది.

మూడేళ్ల కింద ఇంటికి పాతికమంది వచ్చారు. సేమ్యా పాయసం గిన్నెలు తింటూ తింటూ సోఫా పక్కన కింద పెట్టేశారు. లడ్డు ఒక్కో గిన్నే శుభ్రం చేసుకుంటూ పోయాడు. పాయసంలో కిస్‌మిస్ ఉంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలకి మంచిది కాదని నాకు అప్పటిదాకా తెలియదు. ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేమట, కొన్ని కుక్కలకి నాలుగైదు కూడా ఎక్కువేనట. జంతువుల విషాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వెంటనే ఎమర్జెన్సీకి పొమ్మన్నారు. వాంతి చేయించారు, రెండు రోజులు సెలైన్ పెట్టారు. బతికాడు. ఆ రెండు రాత్రులూ మా అమ్మాయి హాస్పిటల్ కుర్చీలోనే పడుకుంది.

చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు. ఎంత నల్లగా ఉంటే అంత విషం. తెలియంది ‘షుగర్ ఫ్రీ’ స్వీట్లు. కొన్నింటిలో చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేస్తారు. మనకి ఏమీ కాదు, కుక్కకి అరగంటలో షుగర్ పడిపోయి ఫిట్స్ వస్తాయి. డాక్టర్ గారు గాబాపెంటిన్ అన్నారు కదా, మనుషుల కోసం అమ్మే సిరప్ రకంలో కూడా జైలిటాల్ ఉండొచ్చని మా వెట్ ఇక్కడ హెచ్చరించారు. మెడికల్ షాపులో దొరికింది కదా అని కొనకండి.

కుక్క చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ వేయించినవాళ్ళు దాని మీద నమోదైన ఫోన్ నంబర్ ఒకసారి చూసుకోండి. మేము ఇల్లు మారి రెండేళ్ళయినా లడ్డు చిప్‌లో పాత నంబరే ఉంది.

బెజవాడ పశువైద్యురాలు (సోమవారం, ఉదయం 9:15)

లడ్డు వాళ్ళ నాన్నగారు రాసింది ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించుకోదగ్గది. మన ఇళ్ళలో ఇంకొకటి: గారెలు, బూరెలు, పూర్ణాలు. ‘పండగ కదా, దానికీ ఒకటి’ అని నలుగురు నాలుగు పెడతారు. అంత నూనె ఒక్కసారి పడితే పాంక్రియాస్ (క్లోమం) వాస్తుంది. వాంతులతో, వీపు వంచుకుని నిలబడే కుక్కలు పండగ తర్వాత మూడు నాలుగు రోజులు వస్తూనే ఉంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసినవి కూడా వద్దు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి ముక్కలు, ఎముక తీసేసి, అన్నంలో కలిపి పెట్టండి. దాని పండగ అదే.

గూటి చిలకమ్మ, గుంటూరు (సోమవారం, సాయంత్రం 5:30)

మా ఇంట్లో బడ్జీలు ఆరు. పక్షులకి పొగే పెద్ద శత్రువు, చిన్న ప్రాణాలు, గాలి కాస్త చెడినా తట్టుకోలేవు. పంజరం వరండాలోంచి లోపలి గదిలోకి మార్చి, మూడు వైపులా పల్చటి దుప్పటి కప్పి, చిన్న బెడ్‌లైట్ వేసి ఉంచుతాను. చిమ్మచీకట్లో బాంబు పేలితే కనిపించక పంజరానికి కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటాయి. అదే గదిలో అగరొత్తులు, దోమల కాయిల్ వెలిగించకూడదు.

తణుకు పాడి (సోమవారం, రాత్రి 8:00)

మాకు ఇంటి వెనకే పాక, రెండు గేదెలు, ఒక దూడ. పెంపుడు జంతువులంటే అవీ మాకు పిల్లలే కాబట్టి రాస్తున్నాను. తారాజువ్వ గడ్డివాము మీద పడితే పాక మొత్తం పోతుంది. ఆ సాయంత్రం వాము మీద తడి గోనెలు పరుస్తాం, మోటారు పైపు చేతికందేలా పెడతాం. దూడని తల్లి పక్కనే కట్టి, ఒక్క లాగుకి ఊడే ముడి వేస్తాం. నిప్పు అంటుకుంటే ముడి విప్పుతూ కూర్చునే టైం ఉండదు. మా నాన్న అయితే ఆ రాత్రి పాకలోనే మంచం వేసుకుంటారు.

నాలుగో బ్లాక్ సెక్రటరీ, మియాపూర్ (మంగళవారం, ఉదయం 10:40)

మా అపార్ట్‌మెంట్‌లో 160 ఫ్లాట్లు. ప్రతి ఏడూ వాట్సాప్‌లో గొడవే. ఈసారి వారం ముందే మీటింగ్ పెట్టి రూల్స్ చదివి వినిపించాను, పనికొస్తుందని ఇక్కడా రాస్తున్నాను.

2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే టపాకాయలు కాల్చాలని చెప్పింది. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా చప్పుడు చేసే టపాకాయలు కాల్చకూడదని శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. హాస్పిటళ్ళు, స్కూళ్ళు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. పేలే చోటుకి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటేవి తయారుచేయడం, అమ్మడమే నేరం. గ్రీన్ క్రాకర్స్ అంటే చాలామంది చప్పుడు లేనివి అనుకుంటున్నారు. కాదు. పొగా దుమ్మూ సుమారు 30 శాతం తగ్గించారు, పేలుడు పేలుడే.

మేము తీర్మానించింది ఏంటంటే, గేటుకి దూరంగా క్లబ్‌హౌస్ వెనక ఖాళీ స్థలంలోనే, 8 నుంచి 10 దాకానే. లక్ష్మీ బాంబులు, ఉల్లిపాయ బాంబులు లోపలికి తేకూడదు. సెల్లార్‌లో ఒక మూల బండ్లు తీయించి గోనెసంచులు పరిపించాం, మా వీధి కుక్కలు నాలుగు వచ్చి పడుకోవడానికి. దీనికి ఇద్దరు ఒప్పుకోలేదు. మా వాచ్‌మన్ మాట్లాడాక ఒప్పుకున్నారు. ఆయనది నేపాల్. అక్కడ చతుర్దశి రోజు కుకుర్ తిహార్ అని కుక్కలకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కడుపునిండా పెడతారట. ‘ఇక్కడ అదే పండక్కి వాటిని తరుముతుంటే నాకు బాధేస్తుంది సార్’ అన్నాడు. మీటింగ్‌లో ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

కుక్క తోకకి సీమటపాకాయలు కట్టే పిల్లల్ని చూస్తే ఊరుకోకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. చచ్చిపోయినా, అవిటిదైపోయినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ళ దాకా జైలు. వీడియో తీసి 112కి ఫోన్ చేయండి.

చిట్టి వాళ్ళమ్మ, విశాఖ (శుక్రవారం, రాత్రి 9:10)

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. మందు రాశారు. నిన్న సాయంత్రం ఒకసారి వేసి చూశాం, కాస్త తూలింది, తర్వాత నిద్రపోయింది, లేచి మామూలుగా అన్నం తింది. స్టోర్ రూమ్‌లో బియ్యం డబ్బాలు తీసేసి నా పాత నేత చీర వేశాను. మూడు రోజులుగా తనే వెళ్ళి పడుకుంటోంది. మెడపట్టీ బదులు ఒంటికి పట్టే హార్నెస్ కొన్నాం, దాని మీద మావారి ఫోన్ నంబర్ రాయించాం.

గేటుకి ఏం చేయాలో ఇంకా తోచడం లేదు. చుట్టాలు రావద్దని ఎలా చెప్పను?

పిల్లులిల్లు, కూకట్‌పల్లి (శుక్రవారం, రాత్రి 9:25)

రావద్దనక్కర్లేదు అక్కా. రెండు తలుపులు ఎప్పుడూ ఒకేసారి తెరిచి ఉండకూడదు, అంతే. వచ్చినవాళ్ళు గేటు లోపలికి వచ్చి, గేటు వేశాకే ఇంటి తలుపు తీయాలి. గేటుకి తాళం వేసి, తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో. ‘కుక్క ఉంది, గేటు దగ్గర ఫోన్ చేయండి’ అని పెద్ద అక్షరాలతో అట్ట కట్టు.

బెజవాడ పశువైద్యురాలు (ఆదివారం, రాత్రి 10:00)

రేపే కాబట్టి చివరిగా కొన్ని. సాయంత్రం నాలుగున్నర, అయిదింటికల్లా షికారు అయిపోవాలి, హార్నెస్‌తోనే. ఆరుకి ముందే అన్నం పెట్టేయండి. నీళ్ళు గదిలో ఉంచండి, రొప్పే కుక్కకి దాహం ఎక్కువ.

కాలిన కాకరపువ్వొత్తి కడ్డీలు బకెట్ నీళ్ళలో వేస్తాం కదా, ఆ బకెట్‌కి మూత పెట్టండి. బేరియం లాంటి రసాయనాలు దిగిన నీళ్ళు అవి. నేను చికిత్స చేసిన ఒక కుక్క ఆ నీళ్ళే తాగింది. కాలితే పది నుంచి ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు వద్దు. తడి గుడ్డ కప్పి తీసుకురండి. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే పశువుల అంబులెన్స్ నంబర్ 1962, రెండు రాష్ట్రాల్లోనూ అదే. రాత్రి వేళ ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో మాత్రం ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.

నెల్లూరు స్నూపీ (సోమవారం, రాత్రి 11:52)

ఎవరైనా ఉన్నారా? ఇప్పుడే జాయినయ్యాను. మా స్నూపీ పామరేనియన్, తొమ్మిదిన్నరకి మేడ మీది నుంచి పక్కింటి డాబా మీదకి దూకి పోయింది. వీధులన్నీ తిరిగాం, గట్టిగా పిలుస్తున్నాం. అమ్మ ఏడుస్తోంది.

చిట్టి వాళ్ళమ్మ, విశాఖ (సోమవారం, రాత్రి 11:56)

తమ్ముడూ, నేనున్నాను. ముందు పిలవడం ఆపండి. నాకు నిరుడు తెలియక చేసిన తప్పు అదే, నలుగురం అరుచుకుంటూ తిరిగాం, అది ఇంకా దూరం పోయింది. భయంలో మీ గొంతు కూడా దానికి చప్పుడే. మీ అమ్మగారిని ఇంటి గేటు తీసి అక్కడే కూర్చోమను, పక్కన స్నూపీ పడుకునే గుడ్డ, ఆవిడ కట్టుకున్న చీర పెట్టు. మీరు ఇద్దరు మాత్రం టార్చి పట్టుకుని కార్ల కింద, మెట్ల కింద, జనరేటర్ల వెనక చూడండి. రాత్రి రెండింటికి చప్పుడు పూర్తిగా తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ తిరగండి. కనిపిస్తే వెంటపడొద్దు. కింద కూర్చుని పక్కకి తిరిగి, ఏదైనా తింటున్నట్టు కవర్ చప్పుడు చెయ్యి.

నాలుగున్నరకి చెత్త ఊడ్చేవాళ్ళు, పాలవాళ్ళు వస్తారు. వాళ్ళందరికీ ఫోటో చూపించు. చిట్టిని నాకు చూపించింది ఊడ్చే ఆవిడే.

నెల్లూరు స్నూపీ (మంగళవారం, ఉదయం 5:48)

దొరికింది అక్కా. మూడో ఇంటి మెట్ల కింద, నీళ్ళ మోటారు వెనక. మేము రాత్రి ఆ గేటు ముందునుంచే పదిసార్లు పోయాం. పాలబ్బాయి చూసి చెప్పాడు. ఒక పక్క కాలు కుంటుతోంది, తొమ్మిదింటికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. అమ్మ దాన్ని కిందకి దించడం లేదు.

గోదారి గట్టు (మంగళవారం, ఉదయం 7:30)

డాక్టరమ్మా, నిన్న సాయంత్రం మీరు చెప్పినవన్నీ చూశాను. చెవులు, మూతి నాక్కోవడం, తోక, అన్నీ ఉన్నాయి. చెయ్యి వేస్తే ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. తొమ్మిదేళ్లుగా మాతో ఉన్నాడు, నేను ఎప్పుడూ చెయ్యి వేసి చూడలేదు. పడమటింట్లో నా మంచం కింద పెట్టి, నేను ఆ మంచం మీదే పడుకున్నాను. పిల్లలకి మతాబులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు ఇచ్చాం, ఔట్లు మాత్రం చెరువు గట్టుకి తీసుకెళ్ళి కాల్పించాడు మా తమ్ముడు. పిల్లలేమీ బాధపడలేదు. ఇవాళ పొద్దున్న వాళ్ళే వీధి ఊడ్చి, పేలని టపాకాయలన్నీ ఏరి నీళ్ళలో వేశారు, భీముడు నోట్లో పెట్టుకుంటాడని.

నాలుగో బ్లాక్ సెక్రటరీ, మియాపూర్ (మంగళవారం, ఉదయం 9:05)

సెల్లార్‌లోకి నాలుగు కాదు, ఏడు వచ్చాయి. మూడు ఎక్కడివో ఎవరికీ తెలియదు. అన్నిటికీ నుదుట బొట్టు, మెడలో బంతిపూలు ఉన్నాయి. వాచ్‌మన్ పని.

చిట్టి వాళ్ళమ్మ, విశాఖ (మంగళవారం, ఉదయం 11:30)

రాత్రంతా స్టోర్ రూమ్‌లో చిట్టి పక్కనే కూర్చున్నాను, కూలరు పెట్టి, ఫోన్‌లో మీరు రాసేవి చదువుకుంటూ. ఆరున్నరకి మందు వేశాం. ఎనిమిదిన్నరకి ఎదురింటివాళ్ళు మళ్ళీ థౌజండ్‌వాలా అంటించారు. చిట్టి తల ఎత్తింది, తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. నా గుండె ఆగినంత పనయింది. తర్వాత తల తెచ్చి నా పాదం మీద పెట్టుకుని పడుకుంది. మధ్యమధ్యలో వణికింది, లేదని చెప్పను. కానీ అర్ధరాత్రి దాటాక లేచి రెండు ముద్దలు అన్నం తింది. నిరుడు ఈ టైముకి మేము రోడ్ల మీద ఉన్నాం.

ఆడపడుచు వాళ్ళు వచ్చారు. గేటు బయట నిలబడి ఫోన్ చేశారు, మావారు వెళ్ళి తీసుకొచ్చారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మా వైపు నాగులచవితి దాకా టపాకాయలు దాచి ఉంచుతారు. శనివారం పుట్ట దగ్గరనుంచి వచ్చాక మళ్ళీ మొదలవుతాయి. అందుకే గేటు తాళం చెవి ఇంకా నా కొంగుకే ఉంది. పక్క కూడా తీయలేదు, చిట్టి ఇప్పుడు అందులోనే పడుకుని ఉంది.